నాయనమ్మ రుచి చూడలేని మందు

మా చెల్లెలి అత్తగారింట్లో ఒక పద్ధతి ఉంది. ఎవరికి జబ్బు చేసినా మందు ముందుగా ఇంటి పెద్దావిడ నోట్లోకి వెళ్లాలి. సిరప్ అయితే ఒక గుక్క తాగుతుంది. మాత్ర అయితే పంటితో ఒక మూల కొరికి చూస్తుంది. కాసేపు ఆగి, "తాగు, ఏం గాదు" అంటుంది. అప్పుడే ఆ మందు జబ్బుమనిషి చేతికి వస్తుంది. చెల్లెలు పెళ్లయిన కొత్తలో నాకు ఫోన్ చేసి, జలుబుకు ఛాతీ మీద రాసుకునే మందును కూడా అత్తగారు నాకబోతే సీసా లాక్కున్నానని నవ్వుతూ చెప్పింది.

దీనికి కారణం మా మరిది గొంతు. చెల్లెలి భర్త గొంతు బాగా బొంగురు. ఫోన్లో కొత్తవాళ్లు ఎవరో ముసలాయన అనుకుంటారు. పసివాడిగా ఉన్నప్పుడు దగ్గుమందు అనుకుని ఒంటికి పూసే మందు తాగించారట. రెండు సీసాలూ ఒకేలా ఉన్నాయట. పిల్లవాడు బతికాడు, గొంతు మాత్రం బాగుపడలేదు. ఆ రోజు నుంచి ఆవిడ సీసా మీద రాసినదాన్ని నమ్మడం మానేసింది. ఆమెకు ఎలాగూ చదువు రాదు. నాలుకతో చూడటం ఒక్కటే ఆమె చేతిలో ఉన్న పరీక్ష.

ఎదురుగా ఆమెను నేను అత్తయ్యగారూ అంటాను. కానీ చెల్లెలి కూతురు పుట్టాక ఆ ఇంట్లో అందరికీ ఆమె నాయనమ్మే అయిపోయింది. ఇక్కడ కూడా అలాగే రాస్తాను.

గచ్చిబౌలి ఊరుగా ఉన్న రోజుల నుంచీ వాళ్లది అక్కడే. వాళ్లు జొన్న వేసిన చేను ఇప్పుడు ఒక ఆఫీసు పార్కింగ్. మిగిలిన జాగాలో ఇల్లు కట్టి, పై అంతస్తులు ఉద్యోగాలు చేసే ఆడపిల్లల హాస్టల్‌గా నడుపుతున్నారు. మరిది ఆఫీసులకు కార్లు తిప్పుతాడు. సాయంత్రం అయ్యేసరికి నాయనమ్మ గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. మెడలో గుర్తింపు కార్డులతో లోపలికి వచ్చే ప్రతి పిల్లకూ ఆమె దగ్గర ఒక మాట ఉంటుంది.

"ఏం పిల్లా, పొద్దుగాల పోతివి, గిప్పుడా వచ్చుడు? మీ కంపెనీల గడియారం లేదా?"

"మీటింగ్ ఉండె ఆంటీ."

"మీటింగేందో, మాటలేందో. సాంబారు సల్లగైంది. గరం జేస్కొని తిను."

నా చెల్లెలు ఆ ఇంట్లో పన్నెండేళ్లకు పైగా ఉంది. ఆమెకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చింది. తెలిసేసరికి ఆలస్యమైంది. చుట్టాలకు కడుపులో గడ్డ అని చెప్పారు. జబ్బు వచ్చిన చోటు పేరు నోటితో అనడానికి ఎవరికీ ఇష్టం లేదు, మా వైపు వాళ్లక్కూడా.

ఆ రోజుల్లో నాయనమ్మ తన పద్ధతి మానలేదు. ఆకలి పుట్టించే టానిక్ తాను ముందు తాగేది. కొన్ని మాత్రలు కొరకకూడదని డాక్టరు గట్టిగా చెప్పాక వాటిని అరచేతిలో పెట్టుకుని వాసన చూసి ఇచ్చేది. స్టాండుకు వేలాడదీసే కీమో మందును మాత్రం ఆమె ఏమీ చేయలేకపోయింది. మంచం పక్కన కూర్చుని ఆ గొట్టంలో దిగే చుక్కల వంక చూసేది. ఎవరైనా పలకరిస్తే చెయ్యి ఎత్తి ఆగమనేది.

చెల్లెలు పోయి మూడేళ్లు దాటింది.

నా పని గురించి కొంచెం చెప్పాలి. మేం కేపీహెచ్‌బీలో ఉంటాం. నా ఆఫీసు హైటెక్ సిటీలో. కొత్త మందుల్ని మనుషుల మీద పరీక్షించే ముందు, అందులో చేరబోయే రోగికి అదేమిటో తన భాషలో రాసి ఇవ్వాలి. ఆ తెలుగు నేను రాస్తాను. నేను రాసినదాన్ని, అసలు ఇంగ్లీషు చూడని మరొకరు తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తారు. ఆ తర్వాత రెండు ఇంగ్లీషులనూ పక్కపక్కన పెట్టి చూస్తారు. మొదటిదానిలో లేని ఆశ నేను ఎక్కడైనా కలిపి ఉంటే అక్కడ దొరికిపోతాను. కొత్తలో ఒకసారి 'మేలు జరగవచ్చు' అన్నచోట 'మేలు జరుగుతుంది' అని రాశాను. రోగి ఎవరో తెలియకపోయినా ఆ మనిషి మీద జాలితో రాశాను. ఎర్ర గీతతో వెనక్కి వచ్చింది. ఎర్ర గీత గీసినవాళ్లదే న్యాయమని నాకు త్వరగానే తెలిసింది. అప్పటి నుంచి నేను చదివే పుస్తకాల్లో కూడా అందమైన మాట కనిపిస్తే ఒకసారి ఆగి చూస్తాను.

చెల్లెలు నా మొదటి పాఠకురాలు. ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ నిర్మొహమాటంగా చెప్పేది. ఆమె మంచాన ఉన్నప్పుడు నాకు ఒక క్యాన్సర్ టీకా కాగితం తెలుగు చేయడానికి వచ్చింది. దాచాలనుకున్నాను. ఆమె నా సంచిలోంచి తీసి చదివేసింది.

"ఇదేంటక్కా? జబ్బు వచ్చేశాక టీకా ఏంటి?"

"ఇది రాకుండా ఆపేది కాదు. ఉన్నదానితో పోరాడటానికి. క్యాన్సర్ కణం మన కణంలాగే కనిపిస్తుంది కదా, అందుకని ఒళ్లు దాన్ని వదిలేస్తుంది. గడ్డలోంచి చిన్న ముక్క తీసి, దాని గుర్తులు చూసి, ఆ గుర్తులు ఒంటికి నేర్పే మందు తయారు చేస్తారు. ఎవరి గడ్డను బట్టి వాళ్లకి."

"నాకు చేస్తారా?"

"నీకొచ్చిన రకానికి ఇక్కడ ఇంకా మొదలుపెట్టలేదే."

ఆమె కాగితం తిప్పి చివరి పేజీ చూసింది.

"పనిచేస్తుందా?"

"ఇంకా తెలీదు."

"అయితే తెలీదనే రాయి. బానే రాశావు కానీ ఈ 'రోగనిరోధక వ్యవస్థను ఉత్తేజపరచుట' ఏంటి? మా అత్తయ్యకి చదివి వినిపించు. ఆవిడకి అర్థమైతే నువ్వు పాస్."

నాయనమ్మకు చదివి వినిపించాను. ఆమెకు ఒక్క ముక్క సమజ్ కాలేదంది. కాగితం పక్కన పెట్టి మామూలుగా చెప్పాను. అప్పుడు ఆమె తల ఊపింది.

"గట్ల జెప్పు. హాస్టల్ గేటుకాడ ఫోటో అంటిచ్చినట్టు. గీ పోరడు వస్తే లోపటికి రానియ్యకు అని వాచ్‌మన్‌కు జెప్తం గదా. తెల్వకపోతె వాడు కూడా ఎవరో పిల్ల అన్ననే అనుకుంటడు వాచ్‌మన్."

చెల్లెలు దిండుకు ఆనుకుని చాలాసేపు నవ్వింది. "అదే రాసెయ్ అక్కా" అంది. నేను రాయలేదు. రాస్తే ఆ పోరడు తిరుగు ఇంగ్లీషులో ఎక్కడో తేలతాడు. కానీ ఆ నవ్వు తర్వాత కాగితం మొత్తం మళ్లీ మొదటి నుంచి రాశాను.

చెల్లెలి కూతురికి పదమూడేళ్లు నిండాక, ఈ క్యాన్సర్ రాకుండా ముందే వేసే టీకా గురించి నేను ఆ ఇంట్లో మాట ఎత్తాను. ఈ రకం క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ ఒక వైరస్ వల్ల వస్తుంది. ఆ వైరస్ తగలకముందే, చిన్న వయసులో టీకా వేస్తే బాగా కాపాడుతుంది. నా చెల్లెలి చిన్నతనంలో మాకు అలాంటిదొకటి ఉంటుందని తెలియదు. తన కూతురికి ఉంది. నాకు ఈ మాట చాలా తేలికైనదిగా అనిపించింది. ఎవరు కాదంటారు అనుకున్నాను.

"నాకైతే ఓకే వదినా" అన్నాడు మరిది తన బొంగురు గొంతుతో. "అమ్మను అడుగు. అమ్మ వద్దంటే మాత్రం నాతోని గాదు."

నాయనమ్మ గేటు దగ్గర చింతచిగురు ఏరుతోంది. పక్కన స్టూలు లాక్కుని కూర్చుని చెప్పాను.

"సూదా? పిల్లకేమైంది?"

"ఏమీ కాలేదండీ. ఏమీ కాకుండా ఉండటానికే."

"ఏం గానిదానికి సూదెందుకు పొడుస్తరు బిడ్డా?"

"వాళ్లమ్మకి వచ్చింది దీనికి రాకుండా ఉంటుందండీ, అత్తయ్యగారూ."

ఆమె చేతులు ఆగాయి. "దాని తల్లికి ఎన్ని సూదులేసిండ్రో నువ్వు జూడలేదా? సూది ఏసినప్పుడల్లా దువ్వెన నిండ ఎంట్రుకలు. దానికి కనపడకుంట నేనే తీసి కొంగుల ముడేసుకొని బయట పారేస్తుంటి. సూదులతోనే పాయె నా కోడలు. ఇగ దీనికి గూడ పొడిపిస్తవా?"

ఆ కొంగుముడి సంగతి నాకు తెలియదు. నేను వారానికోసారి వచ్చి చూసి వెళ్లినదాన్ని. రోజూ తల దువ్వింది ఆమె.

ఆ సూదులు వేరు, ఇది వేరు అని చెప్పాను. అది నిజం. కానీ నిజం చెప్పినంత మాత్రాన ఆమె చూసినది ఆమె కళ్లలోంచి పోదు కదా. ఆమె మళ్లీ చిగురు ఏరడం మొదలుపెట్టింది.

తర్వాతి ఆదివారం నాకు తెలిసిన ఉపాయం చేశాను. టీకా గురించి అర పేజీ తెలుగులో రాసి తీసుకెళ్లాను. వాక్యాలు చిన్నవి. కష్టమైన మాట ఒక్కటీ లేదు. పిల్ల చేత పైకి చదివించాను. నాయనమ్మ చివరిదాకా శ్రద్ధగా విన్నది.

"గిది నువ్వే రాసినవా?"

"నేనేనండీ."

"మంచిగున్నది. మొత్తం సమజైంది." మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. "పిల్లకు మాత్రం వద్దు."

పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత కాగితం మడుస్తూ, మామూలు గొంతుతో అంది. "అమ్మకు వచ్చింది ఇదే గదా పెద్దమ్మా? కడుపుల గడ్డ గాదు."

"ఏ, ఎవరు చెప్పిండ్రే నీకు? ఆడపిల్లవు, గా ముచ్చట్లెందుకు?" అంది నాయనమ్మ.

"ఎవరూ చెప్తలేరని నేనే చూసుకున్న. దవాఖాన కాగితాల మీద ఉన్న పేరు ఫోన్ల కొట్టి చూసిన." పిల్ల నాయనమ్మ వైపు తిరిగింది. "నువ్వే అంటివంట గదా, గేటుకాడ ఫోటో అని. అమ్మ చెప్పింది నాకు. ఇది పోరడు రాకముందే ఫోటో అంటిచ్చుడు నాయనమ్మా. గంతే."

నాయనమ్మ లోపలికి వెళ్లిపోయింది. వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపించింది. కాసేపటికి బయటికి వచ్చి, నాకూ పిల్లకూ చాయ్ ఇచ్చి, నా ఎదురుగా కూర్చుంది.

"ఒక్క మాట అడుగుత. గంత మంచిదైతే నువ్వు ఏపిచ్చుకున్నవా?"

"నా వయసుకి అది అంతగా..."

"ఏపిచ్చుకున్నవా, లేదా?"

"లేదండీ."

"మరి" అంది నాయనమ్మ.

ఇంటికి వెళ్లే బస్సులో ఆ 'మరి' నా పక్కనే కూర్చుంది. మొదట చిరాకు వేసింది. నాకు నలభై రెండేళ్లు. ఈ వయసులో టీకా అంతగా పనిచేయదని ఆమెకు ఎలా చెప్పాలి? కొండాపూర్ దాటాక ఒక సంగతి తట్టింది. ఆమె కొత్తగా ఏమీ అడగలేదు. ఎప్పుడూ అడిగేదే అడిగింది. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ముందు రుచి చూశారా అని. ఈ మందు ఆమె నాలుకకు అందదు. అందుకని నా వైపు చూసింది.

స్త్రీల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆమె తిన్నగా మాట్లాడే మనిషి. ఈ వయసులో వేయొచ్చని, చిన్నపిల్లలకు ఉన్నంత లాభం ఉండదని, తప్పకుండా వేసుకోమని తాను అననని చెప్పింది. ఎందుకు వేసుకోవాలనుకుంటున్నారని అడిగింది. చెప్పాను. ఆమె నవ్వలేదు.

"సరే. దానికంటే ముందు ఒకటి. గర్భాశయ ముఖద్వారం పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారు?"

చేయించుకోలేదు. 'క్రమం తప్పకుండా పరీక్ష చేయించుకోండి' అనే వాక్యాన్ని నేను ఎన్నో కాగితాల్లో తెలుగు చేశాను. చెల్లెలు పోయాక ఆ పరీక్ష బల్ల ఎక్కాలంటేనే నాకు కాళ్లు కదల్లేదు. ఆ రోజు కదిలాయి. పిల్ల కోసం వచ్చాను కాబట్టి కదిలాయనుకుంటాను. పరీక్ష ఎంతోసేపు పట్టలేదు. ఫలితం వచ్చేదాకా ఉన్న రోజులు మాత్రం బాగా సాగాయి. మా ఆయన ఆ రోజుల్లో ప్రతి సాయంత్రం తనే కూర తరిగాడు. ఫలితం బాగానే వచ్చింది.

నేను టీకా వేయించుకునే రోజు నాయనమ్మనూ పిల్లనూ రమ్మన్నాను. అదే రోజు పిల్లకూ వేయించవచ్చని నా ఆశ. నాయనమ్మ టిఫిన్ డబ్బాతో, ఇస్త్రీ చీరతో వచ్చింది. గదిలోకి అడుగు పెట్టగానే చెంగు పక్కకు జరిపి, చెయ్యి చాపింది.

"ముందు నాకెయ్యి డాక్టరమ్మా."

"మీ వయసుకి ఇది పనికిరాదమ్మా."

"పనికి రాకపాయె. ఎట్లుంటదో జూస్త."

"చూడ్డానికి వేసేది కాదమ్మా ఇది. మీకు వేయడానికి నాకు వీల్లేదు. మీ వాళ్లకి వేస్తాను, దగ్గర కూర్చుని చూడండి."

నాయనమ్మకు అది నచ్చలేదు. కానీ ఒప్పుకుంది. నాకు వేశాక ఖాళీ సీసా ఇమ్మని నర్సును అడిగి, ముక్కు దగ్గర పెట్టుకుంది. "వాసన లేదు" అని మాకందరికీ ప్రకటించింది. ఆ తర్వాత నా రెండో చెయ్యి పట్టుకుని, నా ముఖం మీదికి వంగి చూడటం మొదలుపెట్టింది.

"మంటైతున్నదా?"

"కొంచెం నొప్పండీ. అంతే."

"నాలుక చేదైతున్నదా? కండ్లు తిరుగుతున్నయా? సక్కగ జెప్పు, సిగ్గు పడకు."

ఇక పిల్ల వంతు అని నేను లేచాను. నాయనమ్మ డబ్బా సంచిలో సర్దేసింది.

"పిల్లకు ఇయ్యాల వద్దు. జర ఆగుదాం."

"నాయనమ్మా! స్కూల్ బంద్ పెట్టి వచ్చిన!" అంది పిల్ల.

"ఇంకో దినం బంద్ పెట్టు. నీకేం బాధ? పండుగే గదా నీకు."

మర్నాటి నుంచి నాకు పొద్దున్నే ఫోన్లు వచ్చేవి.

"లేచినవా? జ్వరం ఏమన్న ఉన్నదా?"

"లేదండీ."

"అన్నం తింటున్నవా?"

"తింటున్నానండీ."

చివరికి ప్రతిరోజూ అదే ప్రశ్న, కొంచెం గొంతు తగ్గించి. "జుట్టు?"

"బాగానే ఉందండీ."

"అయిందా మీ హెల్త్ బులెటిన్?" అనేవాడు మా ఆయన, ఆఫీసుకు బూట్లు తొడుక్కుంటూ.

ఫోన్ మీద ఆమెకు నమ్మకం కుదరలేదు. ఆదివారం రమ్మంది. వెళ్లేసరికి గడప దగ్గర పీట వేసి, కొబ్బరినూనె గిన్నె, దువ్వెన పెట్టుకుని కూర్చుని ఉంది. "రా, తలకు నూనె పెడ్త" అంది. ఎందుకో నాకు తెలుసు. ఆమెకూ తెలుసు నాకు తెలుసని.

నా తలకు అమ్మ తర్వాత నూనె పెట్టినవాళ్లు లేరు. నాయనమ్మ వేళ్లు గరుకు. కుదుళ్ల దగ్గర ఆపి ఆపి చూస్తున్నాయి. తర్వాత దువ్వెన తీసింది. నెమ్మదిగా, చిక్కు రాకుండా, పైనుంచి కింది దాకా దువ్వింది. ఇదే చేతులు ఇదే గడపలో నా చెల్లెలి తల దువ్వి ఉంటాయని అనుకుంటూ నేను వీధి వైపు చూస్తూ కూర్చున్నాను.

దువ్వెన ఆగింది.

"గివేంది?"

పళ్ల మధ్య కొన్ని వెంట్రుకలు ఉన్నాయి. ఎవరి తల దువ్వినా ఉంటాయి. ఆమె వాటిని తీసి అరచేతిలో పెట్టుకుంది.

"రోజూ వచ్చేవేనండీ అవి. టీకాకి ముందూ వచ్చేవి."

ఆమె నా మాట విన్నట్టు లేదు. ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. ఇక నేనేం చెప్పినా, ఎంత చిన్న వాక్యాల్లో రాసినా, ఈ వెంట్రుకల ముందు నిలవదు. నాయనమ్మ వాటిని ఉండ చుట్టి గడప మీద పెట్టి, లోపలికి కేకేసింది.

"పిల్లా! ఇటు రా. కూసో."

పిల్లను పీట మీద కూర్చోబెట్టి జడ విప్పింది. అదే నూనె, అదే దువ్వెన. పైనుంచి కింది దాకా దువ్వి, దువ్వెనలో వచ్చినవి తీసి, గడప మీద నా వెంట్రుకల పక్కన పెట్టింది. రెండు చిన్న ఉండలు. ఒకటి టీకా వేసుకున్న మనిషిది. ఇంకొకటి ఇంకా వేసుకోని మనిషిది.

నా ఆఫీసులో ఇంతకంటే పెద్ద పనేమీ జరగదు. ఎంతోమంది, ఎన్నో ఊళ్లు, ఎన్నో కంప్యూటర్లు. చివరికి చేసేది ఇదే. వేసినవాళ్లనూ వేయనివాళ్లనూ పక్కపక్కన పెట్టి చూడటం. ఆమెకు ఇది ఎవరూ నేర్పలేదు.

నాయనమ్మకు ఇంకా తృప్తి లేదు. మెట్ల మీంచి దిగుతున్న హాస్టల్ పిల్లను చూసింది.

"ఏ పిల్లా, జర ఇటు రా. తల దువ్వుత."

"ఇప్పుడా ఆంటీ? దేనికి?"

చెల్లెలి కూతురు గబగబా సంగతి చెప్పింది. ఆ అమ్మాయి ఏదో కంపెనీలో లెక్కల విశ్లేషణ చేస్తుందట. రెండు ఉండల వంకా చూసి చేతులు జోడించింది.

"నన్ను కలపొద్దు ఆంటీ. నాకు ఆల్రెడీ హెయిర్‌ఫాల్ ఉంది. మీ డేటా మొత్తం పాడైపోతుంది."

"కూసో అంటే! నీ జుట్టుకు నూనె ముట్టి ఎన్నాళ్లయిందో. గడ్డివాము తీరు ఉన్నది."

ఆ అమ్మాయి దువ్వెన నిండా వచ్చాయి. మూడో ఉండ మిగతా రెండింటికంటే పెద్దది. నాయనమ్మ దాన్ని చూసి, నా దాన్ని చూసి, పిల్లదాన్ని చూసింది.

"నీకు సూది గీది ఏమన్న ఏసిండ్రా?"

"లేదు ఆంటీ. నైట్ షిఫ్ట్."

నాయనమ్మ పకపకా నవ్వింది. చెల్లెలు పోయాక ఆమె అలా నవ్వడం నేను విన్నది అప్పుడే. మూడు ఉండలూ కలిపి చుట్టి, వాకిలి దాటి వెళ్లి చెత్తబుట్టలో వేసి, చేతులు కడుక్కుని వచ్చింది. ఈసారి కొంగున ముడి వేసుకోలేదు.

"మీ ఇద్దరియి ఒక్కతీరుగనే ఉన్నయి" అంది. "ఎల్లుండి తీస్కపోదాం పిల్లను. పొద్దుగాల్నే. ఖాళీ కడుపుతోని వద్దు."

ఎల్లుండి మంగళవారం. పిల్ల జడ వేసుకుని, ఇడ్లీ తిని వచ్చింది. నాయనమ్మ ఖాళీ సీసా వాసన మళ్లీ చూసింది. "అదే" అంది. అదే మందని అర్థం. సూది దిగేటప్పుడు పిల్ల నా వేళ్లు నొక్కింది. నాయనమ్మ గోడ మీద బొమ్మ వైపు తిరిగి నిలబడింది. అయిపోయిందన్నాక తిరిగి చూసి, "గంతేనా?" అంది. బయటికి వచ్చాక మరిదికి ఫోన్ చేసి, "అయింది. పిల్ల మంచిగున్నది. పరేషాన్ గాకు" అని చెప్పింది. అవతల అతను ఏమన్నాడో మాకు వినపడలేదు. ఆమె చాలాసేపు ఫోన్ చెవికి ఆనించుకునే ఉంది.

పిల్లకు రెండో డోసు ఆరు నెలలకు. ఈలోగా గేటు దగ్గర కుర్చీలోంచి ఆమె చెప్పే మాటల్లో ఒకటి చేరింది. సాంబారు, గడియారం, ఆ తర్వాత ఇది. "నువ్వు ఏపిచ్చుకున్నవా? లేదా? మరి? మా కోడలి అక్క ఏపిచ్చుకున్నది. ఎప్పటిలెక్కనే ఉన్నది జుట్టు. అగో, ఆదివారం వస్తది, సూడు." కొందరు నవ్వి మెట్లెక్కేవాళ్లు. కొందరు ఆగి అడిగేవాళ్లు. వాళ్లను డాక్టరు దగ్గరికి తోలేది. ఎవరెవరు వెళ్లారో నాకు తెలియదు. కొందరు వెళ్లారు.

రెండో డోసు రోజున నా సంచిలో ఆఫీసు పని ఉంది. నెల ముందు ఒక కొత్త కాగితం వచ్చింది. జబ్బు వచ్చినవాళ్లకు వేసి చూసే టీకా. ఈసారి నా చెల్లెలికి వచ్చిన రకానికే. ఇక్కడే, ఈ ఊళ్లోనే వేసి చూడబోతున్నారు. ఇంగ్లీషు మొదటి పేజీ చదివి, లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చి, పని మొదలుపెట్టాను. ఆ కాగితానికి మొదటి పాఠకురాలు లేదు. అందుకని తెలుగు తయారయ్యాక నాయనమ్మకు చదవాలని అచ్చు తీసుకుని వెళ్లాను.

క్లినిక్‌లో మా వంతు ఇంకా రాలేదు. ముగ్గురం వరసగా కూర్చున్నాం. చదివాను. ఆమె చెవి నా వైపు పెట్టి విన్నది. ఎక్కడా సమజ్ కాలేదనలేదు. 'ఈ టీకా పనిచేస్తుందో లేదో ఇంకా తెలియదు. తెలుసుకోవడానికే ఈ పరీక్ష. మీకు దీనివల్ల మేలు జరగకపోవచ్చు. మీ తర్వాత వచ్చేవాళ్లకు ఇది ఉపయోగపడవచ్చు' అన్నచోట ఆమె చెయ్యి ఎత్తింది.

"తెల్వదనే రాసినవా?"

"అవునండీ. తెలీదు కదా."

"తెల్వక గూడ ఏపిచ్చుకుంటరా వాళ్లు? జబ్బు మీదున్నోళ్లు?"

"కొందరు వేయించుకుంటారండీ. అన్నీ చెప్పాకే. ఇష్టమైతేనే."

"ఎవరో ఒకరు ముందుగాల నాలుకకు పెట్టాలె గదా" అంది. నాతో అన్నట్టు లేదు. "మంచిగుండాలె వాళ్లు."

అప్పుడు నర్సు పిల్ల పేరు పిలిచింది. నాయనమ్మ చీర సర్దుకుని సగం లేచింది. పిల్ల ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"నువ్వు కూసో నాయనమ్మా. నేను పోయొస్త."

"ఒక్కదానివే?"

"నువ్వు చూసినవి గదా, పెద్దమ్మ చూసింది గదా. ఇంకెందుకు?"

పిల్ల లోపలికి వెళ్లింది. తలుపు దానంతటదే మూసుకుంది. నాయనమ్మ ఆ తలుపు వైపు చూసింది. నేను లేవబోతే నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. తనూ వెనక్కి ఆనుకుని, ఒళ్లో టిఫిన్ డబ్బా సర్దుకుంది.

"సదువు బిడ్డా" అంది. "గా తెల్వదన్న కాడికెళ్లి మల్ల సదువు."